మామూలు వస్తువుల్లో అర్థం నిజంగా ఉంటుందా, కవులు కల్పించి చెప్తారా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొన్నేళ్లుగా కవితలు రాస్తున్నారు. ప్రేమ, సమాజం, మరణం లాంటి పెద్ద విషయాల మీద రాస్తే చదివినవాళ్లు బాగుందంటున్నారు గానీ మీకు తృప్తి లేదు. రోజూ కళ్లముందు ఉండే చిన్న వస్తువుల మీద రాద్దామని కూర్చుంటే స్కూలు వ్యాసంలా వస్తోంది, లేదంటే చివర ఒక నీతి వచ్చి కూర్చుంటోంది. గొడుగు మీద రాసిన కవిత ఒకటి ఉదాహరణగా పెట్టారు. "నాది చాలా మామూలు జీవితం, ఇందులో కవిత్వానికి పనికొచ్చేది ఏముంది? మామూలు వాటిలో అర్థం నిజంగా ఉంటుందా, కవులే కల్పించి చెప్తారా?" అన్నది అసలు ప్రశ్న.

సూటిగా జవాబు చెప్తాను. అర్థం ఉంటుంది, అది ఆ వస్తువును మనుషులు వాడిన తీరులో ఉంటుంది. ఎవరి చేతిలో నలిగింది, ఎక్కడ అరిగింది, ఎప్పుడు అవసరమైంది, ఏ క్షణంలో మర్చిపోయారు, పోయాక ఎవరు వెతికారు, ఇవన్నీ ఆ వస్తువు మీద గుర్తులుగా మిగిలి ఉంటాయి. కవి పని వాటిని ఓపిగ్గా చదవడం. "ఇది దేనికి ప్రతీక?" అని మొదలుపెడితే దాదాపు ప్రతిసారీ మీరు చెప్పిన వ్యాసమో నీతివాక్యమో వస్తుంది. "దీనికి ఏం జరిగింది?" అని మొదలుపెడితే కవిత వచ్చే అవకాశం ఉంటుంది.

చాలాకాలంగా నేను రాస్తున్నాను, కొత్తగా రాసేవాళ్లతో కవిత్వ వర్క్‌షాప్‌లు నడుపుతున్నాను, వాళ్లు తెచ్చే కవితలు చదివి పంక్తి పంక్తికీ మాట్లాడటమే నా పనిలో ఎక్కువ భాగం. అక్కడ చూసినవే రాస్తున్నాను.

ముందు ఈ "మామూలు" అన్న మాట సంగతి తేల్చాలి. ఒక వస్తువు మామూలుగా కనిపించడానికి కారణం అందులో ఏమీ లేకపోవడం అనుకుంటాం. నిజానికి మనం దాన్ని చూడటం మానేశాం, అంతే. తలుపు తీసేటప్పుడు గొళ్లేన్ని చూస్తామా? చెయ్యి దాని దారిన అది వెళ్తుంది. విక్టర్ ష్క్లోవ్‌స్కీ అనే రష్యన్ విమర్శకుడు 1917లో రాసిన వ్యాసంలో సరిగ్గా దీని గురించే మాట్లాడాడు. అలవాటు వస్తువుల్ని, మనుషుల్ని, చివరికి భయాన్ని కూడా మింగేస్తుందని, చూపు యాంత్రికమైపోతుందని, కళ పని ఆ చూపును కాస్త కష్టపెట్టి, కాస్త ఆలస్యం చేసి, వస్తువును మొదటిసారి చూస్తున్నట్టు చూపించడమని ఆయన వాదన. వందేళ్లు దాటినా నాకు ఇంతకంటే పనికొచ్చే వివరణ దొరకలేదు. ఇందులో గమనించాల్సింది ఆ "ఆలస్యం". మామూలు వస్తువు మీద కవిత రాయాలంటే ముందు ఆగాలి, ఆగడం చాలామందికి రాయడం కంటే కష్టంగా ఉంటుంది.

తెలుగులో ఈ ప్రస్తావన రాగానే ఎవరికైనా శ్రీశ్రీ "కాదేదీ కవితకనర్హం" గుర్తొస్తుంది. 1950లో పుస్తకంగా వచ్చిన "మహాప్రస్థానం"లోని "ఋక్కులు" కవితలో మాట అది. మనలో చాలామంది దాన్ని ఒక అనుమతి పత్రంలా వాడుకుంటాం, దేనిమీదైనా రాసేయొచ్చు అని. కానీ అదే కవితలో కొంచెం ముందు రొట్టెముక్కా, అరటితొక్కా, బల్లచెక్కా మనవైపే చూస్తూ "తమ లోతు కనుక్కోమంటాయ్" అని ఉంది. ఆ వెంటనే శిల్పం అనర్ఘమని, అంటే వెల కట్టలేనిదని కూడా ఉంది. అంటే ఆ అనుమతికి ముందొక షరతు, వెనకొక షరతు. లోతు కనుక్కోవాలి, చెక్కడం తెలియాలి. ఈ రెండూ వదిలేసి మధ్య మాట ఒక్కటే పట్టుకుంటే అగ్గిపుల్ల మీద వంద కవితలు వస్తాయి, వందా ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు మీ గొడుగు. మీ కవిత సారాంశం: గొడుగు తాను తడుస్తూ మనల్ని తడవకుండా కాపాడుతుంది, నాన్నలాగా. ఇందులో ప్రేమ నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒక పరీక్ష పెట్టి చూడండి. వస్తువును మార్చి చూడండి. గొడుగు తీసేసి ఇంటి కప్పు పెట్టండి, చెట్టు పెట్టండి, రెయిన్‌కోటు పెట్టండి. కవిత అలాగే నిలబడుతుంది, మూడో పంక్తి తప్ప ఒక్కటి కూడా మార్చక్కర్లేదు. అంటే మిగతా పంక్తుల్లో మీరు గొడుగు గురించి ఏమీ రాయలేదన్నమాట. "ఇతరుల కోసం కష్టపడటం" అనే ఒక ఆలోచన మీ దగ్గర ముందే ఉంది, దానికి గొడుగు తొడిగారు. కవులు కల్పించి చెప్తారా అని మీరు అడిగారు కదా, కల్పన ఎక్కడ జరుగుతుందో ఈ పరీక్ష పట్టిస్తుంది. వస్తువు మారినా కవిత మారకపోతే ఆ అర్థం బయటి నుంచి తెచ్చి అతికించింది. వస్తువు మార్చగానే కవిత కూలిపోతే అది ఆ వస్తువుదే.

ఇప్పుడు ఆ మూడో పంక్తి చూడండి. "ఒక ఊచ వంగి, గుడ్డ ఒకవైపు జారి" అని రాశారు. ఆ పంక్తి దగ్గర నేను ఆగిపోయాను. ఆ ఊచ ఎప్పుడు వంగింది? ఎవరు బాగు చేయించలేదు? గుడ్డ జారిన వైపు ఎవరు నడిచేవాళ్లు? ఇద్దరు ఒకే గొడుగులో నడిస్తే ఒకరి భుజం తప్పకుండా తడుస్తుంది. నాన్నగారు ఏ వైపు ఉండేవారు? ఈ ప్రశ్నలకు మీ దగ్గర జవాబులు ఉంటాయి, ఎందుకంటే ఆ ఊచ మీరు చూసిందే, ఊహించింది కాదు. చివరి నాలుగు పంక్తులు, "నాన్నలాగా" అన్న పోలికతో సహా తీసేసి, వంగిన ఊచ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. గొడుగు గురించి ఇంకొకటి. అది వాన ఆగిన చోటే పోతుంది. వాన పడుతున్నంతసేపూ ఎవరూ గొడుగును మర్చిపోరు. ఈ చిన్న నిజంలో ఎంత ఉందో చూడండి. దీన్ని కప్పుకో చెట్టుకో అంటగట్టలేరు.

నా కవితే ఒకటి చెప్తాను, పద్ధతి అర్థం కావడానికి. కొవ్వొత్తి మీద మనకు ఒక అరిగిపోయిన మాట ఉంది, తాను కరిగి లోకానికి వెలుగునిస్తుందని. ఆ మాట పాతబడిందని అందరికీ తెలుసు. అది నిజం కూడా కాదని నాకు ఒకరోజు సొరుగు సర్దుతుంటే అర్థమైంది. ఇళ్లలో కొవ్వొత్తిని ఎవరూ పూర్తిగా కరగనివ్వరు. కరెంటు రాగానే ఊదేస్తారు. సగం కాలిన ముక్కలు పాత బ్యాటరీలు, ఏ తాళానివో తెలియని తాళంచెవుల మధ్య పడి ఉంటాయి. కొవ్వొత్తి వెలిగినంతసేపూ ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని ఉంటారు, ఏదో ఒక మాట నడుస్తుంటుంది, లైటు రాగానే లేచి ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోతారు. అప్పుడు రాసింది ఇది:

*సొరుగులో*
*సగం కాలిన కొవ్వొత్తి.*
*ఆ రాత్రి అమ్మ చెప్తున్న మాట*
*కరెంటు రాగానే*
*ఆగిపోయింది.*

త్యాగం అన్న ఊసు లేదు. కొవ్వొత్తి ఎందుకు సగమే కాలిందన్నది ఒక్కటే పట్టుకున్నాను. అమ్మ ఏం చెప్పబోయిందో నేను రాయలేదు, ఎందుకంటే నాకు తెలియదు, ఆ తెలియకపోవడమే కవిత. దీన్ని చదివిన వాళ్లు తమ ఇంట్లో ఆగిపోయిన మాటల గురించి నాకు చెప్పారు. నేను ఎవరినీ అడగలేదు.

వేమన దగ్గర దీనికి ఇంకా గట్టి పాఠం ఉంది. చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యమే, ఇప్పుడు రాసేవాడి కళ్లతో చదవండి:

*చెప్పులోన రాయి చెవిలోన జోరీగ*
*కంటిలోన నలుసు కాలిముల్లు*
*ఇంటిలోన పోరు ఇంతింత గాదయా*
*విశ్వదాభిరామ వినుర వేమ*

ఇంట్లో గొడవ ఎంత బాధగా ఉంటుందో చెప్పాలి. దానికి వేమన తుపానునీ అగ్నినీ తేలేదు. రాయి, జోరీగ, నలుసు, ముల్లు. నాలుగూ చిన్నవే, పక్కవాడికి కనిపించనివి. నాలుగూ ఒంటికి తగులుతూనో ఒంటి లోపలో ఉండేవి, ఉన్నంతసేపూ మరిచిపోనివ్వనివి. చదువుతుంటే మన కాలు, చెవి, కన్ను, మళ్లీ కాలు వరసగా ఉలిక్కిపడతాయి. అంతా అయ్యాక "ఇంటిలోన పోరు" వస్తుంది, అప్పటికి మన ఒళ్లు దాన్ని అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఒక్క విశేషణం లేదు. "భయంకరమైన", "దుర్భరమైన" లాంటివి ఒక్కటీ లేవు. పోరు ఎవరి మధ్యో, ఎందుకో కూడా చెప్పలేదు. "ఇంతింత గాదయా" అని కొలవడం మానేశాడు. చెప్పులో రాయి ఎంత మామూలు విషయమో ఆలోచించండి, దాన్ని వంగి తీసి పారేసి నడిచిపోతాం, ఎవరికీ చెప్పం కూడా. దాని పక్కన ఇంట్లో పోరును పెట్టగానే రెండింటికీ అర్థం మారింది. ఈ పద్యం చదివాక చెప్పులో రాయి పడితే ఇంకోలా ఉంటుంది, కనీసం నాకు.

ప్రతీకల మాట వచ్చింది కాబట్టి జాషువా గురించి ఒక మాట చెప్పకుండా వెళ్లలేను. 1941 నాటి "గబ్బిలం"లో, అంటరానివాడని గుడిలోకి రానివ్వని మనిషి తన బాధను శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు కాబట్టి ఇది దానికి తిరగేసిన రూపమని అందరూ చెప్తారు, అది సరే. రాసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇంకొకటి. గబ్బిలం నిజంగానే పాత గుళ్లలో కప్పుకు వేలాడుతూ ఉంటుంది. మనుషులు అశుభమనుకునే ప్రాణి, దేవుడి చెవికి అంత దగ్గరగా ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపరు. మనిషిని ఆపుతారు. ఈ అన్యాయాన్ని చూపించడానికి జాషువా గబ్బిలం మీద ఏమీ అతికించాల్సిన పని పడలేదు, అది ఎక్కడ ఉంటుందో చూశాడు. ఎంత పెద్ద అర్థమైనా ఒక ప్రాణి, ఒక వస్తువు తాలూకు ఉత్త నిజం మీద నిలబడగలదనడానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఇది.

జపాన్ కవి బషో రాసిన కప్ప హైకూ (మూడు పాదాల చిన్న కవిత) కూడా ఇలాగే, 1686 నాటిది. పాత కొలను, కప్ప దూకింది, నీటి చప్పుడు, అంతే. అప్పటిదాకా జపాన్ కవిత్వంలో కప్ప వస్తే ఎక్కువగా దాని పాట కోసమే వచ్చేది, బెకబెకలు కవులకు ఇష్టమైన సంగతి. బషో పాట వదిలేసి నీళ్ల చప్పుడు విన్నాడు. కొత్త వస్తువు వెతకలేదు, పాత వస్తువులో ఇంతకుముందు ఎవరూ పట్టించుకోని చప్పుడు దగ్గర ఆగాడు.

సరే, ఆచరణకు వద్దాం. ఎలా చూడాలి? వర్క్‌షాప్‌లో నేను మొదట ఇచ్చే పని ఇది: ఇంట్లో మీరు రోజూ ముట్టుకునే వస్తువు ఒకటి తీసుకుని, దాని ముందు పావుగంట కూర్చుని, ఇరవై వాక్యాలు రాయండి. నియమాలు మూడు. "లాగా", "వలె" రాయకూడదు. అందంగా, పాతగా, దీనంగా లాంటి విశేషణాలు రాయకూడదు. "జీవితం" అన్న మాట రాయకూడదు. మొదటి ఆరేడు వాక్యాలు అందరికీ ఒకేలా వస్తాయి, రంగు, ఆకారం, దేనికి వాడతారు. అక్కడ విసుగు వస్తుంది, చాలామంది లేచి వెళ్లిపోవాలనుకుంటారు. పదో వాక్యం దాటాక చెప్పడానికి ఏమీ మిగలదు కాబట్టి నిజంగా చూడటం మొదలవుతుంది.

చీపురు తీసుకున్న ఒకాయనకు పదిహేనో వాక్యం దగ్గర అది ఒకవైపే ఏటవాలుగా అరిగిందని కనిపించింది. చీపుర్లు అలాగే అరుగుతాయి, ఊడ్చే చేతివాటాన్ని బట్టి. కుడిచేతి వాళ్ల చీపురు ఒకలా, ఎడమచేతి వాళ్లది ఇంకోలా. ఆయన భార్యది ఎడమచేతివాటం. ఇంట్లో ఇన్నేళ్లుగా ఊడ్చింది ఎవరో ఆ చీపురు చెప్తోంది, ఆయన చేతికి అది కుదరడం లేదు. ఇందులో కవిత ఎక్కడుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇంకొకావిడ స్విచ్ బోర్డు ముందు కూర్చున్నారు. స్విచ్ చుట్టూ గోడ మీద చేతి మరకలు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. ఆవిడకు స్విచ్ కింద, కాస్త దూరంలో, వేరే మరకలు కనిపించాయి. చివరికి ఆవిడ రాసింది నాలుగు పంక్తులు:

*స్విచ్ కింద జానెడు దూరంలో*
*చిన్న చిన్న వేళ్ల మరకలు.*
*అందేదాకా*
*ఎన్నిసార్లు ఎగిరాడో!*

ఆ పిల్లాడు ఇప్పుడు ఆవిడకంటే పొడుగు. ఆ సంగతి కవితలో పెట్టాలా అని అడిగారు, వద్దన్నాను. "అందేదాకా" అన్న మాటలో అదంతా ఉంది. చదివేవాళ్లను నమ్మాలి. ఈ నమ్మకం లేకపోవడం వల్లే చివర నీతి వస్తుందని నా అభిప్రాయం. మనం చూపించింది చాలదేమో, వాళ్లకు అర్థం కాదేమో అన్న టెన్షన్‌తో ఇంకో రెండు పంక్తులు వివరణ రాస్తాం. రాయడం అయ్యాక చివరి రెండు మూడు పంక్తుల మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. చాలాసార్లు కవిత ఆ చేతికి పైనున్న పంక్తితోనే పూర్తయి ఉంటుంది.

చూసేటప్పుడు నేను నన్ను అడుక్కునే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, మీకు పనికొస్తే తీసుకోండి. ఇది ఎక్కడ ఎక్కువ అరిగింది? నాకంటే ముందు ఎవరి దగ్గర ఉంది? ఇది ఉందని నాకు చివరిసారి ఎప్పుడు గుర్తొచ్చింది, అంటే పాడైనప్పుడా, పోయినప్పుడా, దాన్ని వాడే మనిషి లేకుండా పోయినప్పుడా? దీని చప్పుడు ఏమిటి? పక్క గదిలోంచి ఆ చప్పుడు విని ఎవరు ఏం చేస్తున్నారో చెప్పగలనా? దీన్ని ఎక్కడ పెడతాం, అక్కడే ఎందుకు పెడతాం? చివరి ప్రశ్న చూడటానికి ఏమీ లేనట్టు ఉంటుంది గానీ నాకు ఎక్కువ ఇచ్చింది అదే, ఎందుకంటే ఇంట్లో ప్రతి వస్తువు స్థలం వెనక ఎవరో ఒకరి ఎత్తు, ఎవరో ఒకరి భయం, ఎవరో ఒకరి బద్ధకం ఉంటాయి.

మీ "మామూలు జీవితం" మాటకు జవాబుగా ఇంకో ఉదాహరణ. ఒక భవనం గేటు దగ్గర కాపలా పని చేసే యువకుడు వర్క్‌షాప్‌కు వచ్చేవాడు. అతనూ మీలాగే "నా ఉద్యోగంలో రోజంతా ఏమీ జరగదండీ" అనేవాడు. అతని టేబుల్ మీద వచ్చేపోయేవాళ్లు పేర్లు రాసే పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. మొదటిసారి రాసినప్పుడు ఆ దారం బానిసత్వం అయింది, పెన్ను శ్రామికుడు అయింది. అలా ఎవరైనా రాస్తారు, ఆ పుస్తకం ముందు రోజూ కూర్చునేది నువ్వొక్కడివే, నీకు మాత్రమే కనిపించేది రాయి అన్నాను. కొన్ని వారాలకు ఇది తెచ్చాడు:

*పుస్తకానికి దారంతో కట్టిన పెన్ను.*
*లోపలికెళ్లే ప్రతి పేరూ రాసింది.*
*రోజూ వచ్చే నా పేరుకు*
*అందులో గడి లేదు.*

చదివాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదటి కవితలో చెప్పాలనుకున్నదంతా ఇందులో ఉంది, పైగా ఇది అబద్ధం ఆడలేదు. కాపలాదారు సందర్శకుల పుస్తకంలో సంతకం చేయడు, అది ఉత్త వాస్తవం. ఏమీ జరగదనుకున్న ఉద్యోగంలో రోజూ జరుగుతున్నది అదే. కాబట్టి మీ జీవితం మామూలుదని రాయడం ఆపకండి, దయచేసి. పెద్ద సంఘటనలు జరిగిన వాళ్లకు చెప్పడానికి సంఘటన ఉంటుంది, దాని మీద ఆధారపడతారు. మీకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి మీ చూపు పదునెక్కక తప్పదు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి.

వస్తువును ఊరికే ఏడిపించకండి. కుర్చీ కన్నీరు కార్చింది, గడియారం నిట్టూర్చింది అని రాయడం తేలిక, రాసిన క్షణంలో కవిత్వంలా అనిపిస్తుంది కూడా. కానీ కుర్చీ ఏడవదు, చదివేవాడికి ఆ సంగతి తెలుసు. కుర్చీ కిర్రుమంటుంది. ఆ కిర్రు ఏ బరువు కూర్చుంటే వస్తుందో, ఏ బరువుకు రాదో రాయండి. వస్తువుతో మాట్లాడటం వేరే సంగతి, అది చేయొచ్చు. చిలీ కవి పాబ్లో నెరూడా 1954 నుంచి వరసగా తెచ్చిన సంపుటాల్లో ఉల్లిపాయనూ, ఉప్పునూ, మేజోళ్లనూ పొగుడుతూ కవితలు రాశాడు. అవి నిలబడటానికి కారణం ఉల్లిపాయ అందులో ఉల్లిపాయగానే ఉంటుంది, పొరలూ ఘాటూ అన్నీ ఉంటాయి.

ఇతరుల వస్తువుల దగ్గర మర్యాదగా ఉండండి. కూలి మనిషి తెగిన చెప్పు, చెత్త ఏరే పిల్ల సంచి, ఇవి చాలామంది కవితల్లోకి జాలి కోసం వస్తాయి. ఆ చెప్పు వేసుకున్న మనిషితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా దాని మీద రాస్తే ఆ మనిషిని రెండోసారి దాటేసి వెళ్లినట్టే. మీ చెప్పు నుంచి మొదలుపెట్టండి. దాని మీద నిజంగా రాయడం వచ్చాక ఇంకొకరి చెప్పు దగ్గరకు వెళ్లండి. ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువే, వర్క్‌షాప్‌లో దీని మీద చాలాసార్లు వాదన జరిగింది, నా మాట మార్చుకోలేదు.

పోయిన వాళ్ల వస్తువుల మీద రాయాలనుకుంటే తొందరపడకండి. కళ్లజోడు, చేతికర్ర, ఫోన్లో మిగిలిన నంబరు, ఇవి వెంటనే రాయిస్తాయి, రాసింది తిరిగి చదవడం మాత్రం చాలా రోజులు కష్టంగా ఉంటుంది. నోట్సు రాసి పెట్టుకోండి, చిన్న చిన్న వివరాలు మర్చిపోకుండా, కవిత తర్వాత రాయొచ్చు. ఇంకొక సంగతి, మీ ప్రశ్నలో "దేనిలోనూ అర్థం కనిపించడం లేదు" అన్న వాక్యం కూడా ఉంది. అది కవిత్వం గురించే అయితే పైన చెప్పినవి చాలు. రోజంతా, వారాల తరబడి అలాగే ఉంటోందంటే మాత్రం కవిత మీద ఆ భారం పెట్టకండి, దగ్గరి వాళ్లతోనో డాక్టరుతోనో మాట్లాడండి. కవిత అప్పటిదాకా ఆగుతుంది.

ఇంకా, ప్రతి వస్తువూ కవిత ఇవ్వదు. ఇరవై వాక్యాలు రాశాక కూడా ఏమీ కనిపించకపోతే వదిలేసి ఇంకోటి తీసుకోండి. పిండితే వచ్చేది మళ్లీ ఆ ప్రతీకే.

రూపం గురించి ఎక్కువ చెప్పను. చిన్న వస్తువుకు చిన్న రూపం బాగా నప్పుతుంది. ఎన్. గోపి మొదలుపెట్టిన నానీలు ఇలాంటి చూపుకు మంచి సాధన, నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు, అంత ఇరుకులో నీతి చెప్పడానికి చోటే ఉండదు. హైకూ ప్రయత్నించినా మంచిదే. వచన కవితలో రాస్తే పంక్తి ఎక్కడ విరగాలో గట్టిగా చదువుకుని చూసుకోండి. వస్తువు భాగాల పేర్లు తెలుసుకోండి. పిడి, కొక్కెం, బిరడా, ఊచ, మడత బందు. "ఆ వస్తువు ఒక భాగం" అని రాయాల్సి వచ్చిందంటే ఇంకా సరిగ్గా చూడలేదని లెక్క.

చివరిగా, రాసింది ఎవరికి చూపించాలని అడిగారు. కవులకు చూపించండి, తప్పు లేదు, కానీ వాళ్లకంటే ముందు ఆ వస్తువును రోజూ వాడే మనిషికి చదివి వినిపించండి. మా దగ్గర ఒకమ్మాయి దర్జీ కత్తెర మీద రాసింది, అది పట్టునూ గోనెనూ కాగితాన్నీ ఒకేలా కోస్తుందని, దానికి పక్షపాతం లేదని. చక్కగానే ఉంది, మేమంతా మెచ్చుకున్నాం. ఆమె దాన్ని తనకు బట్టలు కుట్టే ఆవిడకు వినిపిస్తే ఆవిడ వెంటనే "అయ్యో, బట్టలు కోసే కత్తెరతో కాగితం కోయకూడదమ్మా, మొద్దుబారిపోతుంది. మా ఇంట్లో పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వను" అందట. అమ్మాయి పాత కవితంతా కొట్టేసి, పిల్లలకు అందకుండా ఆవిడ కత్తెర దాచే చోటు నుంచి కొత్తగా మొదలుపెట్టింది. ఆ చోటు ఎక్కడో తెలుసుకోవడానికి మళ్లీ వెళ్లి అడిగింది కూడా. మీ గొడుగు విషయంలో అడగడానికి ఇంట్లో అమ్మ ఉన్నారని రాశారు కాబట్టి, కొత్త ప్రతి మొదలుపెట్టే ముందు ఆ ఊచ ఎలా వంగిందో ఆవిడను అడగండి, ఆవిడ చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి. ఆ ప్రతి ఇక్కడ పెడితే తప్పకుండా చదువుతాను.